ఉగాది నాడు తెల్ల మూసీలు

2025లో ఉగాది ఆదివారం వచ్చింది, మార్చి 30. పొద్దున పచ్చడి అయింది, పులిహోర అయింది, బక్షాలు అయ్యాయి. పచ్చడిలోకి మామిడికాయ పక్కింటి చెట్టుది. కొమ్మ మన గోడ దాటి ఇటు వంగితే కాయ మనదే అని అమ్మ వాదన. పక్కింటివాళ్ళు ఊరికి పోయిన రోజే ఆ వాదన ఆమెకు గుర్తుకు రావడం వేరే సంగతి. సాయంత్రం టీవీలో పంచాంగ శ్రవణం పెట్టుకుని కూర్చున్నాం, ఎవరి రాశికి ఎంత ఆదాయం, ఎంత అవమానం అని అమ్మ వేళ్ళ మీద లెక్క పెడుతోంది, అప్పుడే ఫోన్ మోగింది.

మా అక్క కొడుకు. జర్మనీలో ఆఖెన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఆరున్నరకు వీడియో కాల్ చేస్తా అన్నవాడు ఐదున్నరకే చేశాడు. ఏందిరా గంట ముందే అంటే, "ఇయ్యాల్నే ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపిన్రు చిన్నమ్మా, నిన్నటిదాకా మీకూ మాకూ నాలుగున్నర గంటల తేడా, ఇప్పుడు మూడున్నరే" అన్నాడు. "కొత్త సంవత్సరం నాడు టైం మార్చుకునుడు మంచిదే" అంది అమ్మ, ఐరోపా మొత్తం ఉగాది కోసమే గడియారాలు తిప్పిందన్నట్టు.

వాడు ఇంట్లో లేడు. ఏదో ఊరి బజార్లో నిలబడి ఉన్నాడు, వెనక బ్యాండు చప్పుడు, జనం, గాలి నిండా రంగు కాగితం ముక్కలు. ఫోన్ అటు తిప్పాడు. తలనుంచి కాళ్ళదాకా తెల్లటి అంగీలు, తల మీద తెల్లటి ముసుగు, మొహానికి మాస్కు, ఆ మాస్కుకు క్యారెట్ అంత పొడుగు ఎర్ర ముక్కు. అట్లాంటివాళ్ళు ఇద్దరో ముగ్గురో కాదు, వీధి నిండా వాళ్ళే. నిజం చెప్తున్నా, ఆ తెల్ల ముసుగులు చూడగానే నాకు గుండె గుబుక్కుమంది, అమెరికాలో నల్లవాళ్ళ ఇళ్ళ ముందు శిలువలు తగలబెట్టినవాళ్ళ ఫొటోలు గుర్తొచ్చాయి. వాడికీ మొదట అట్లాగే అనిపించిందట. కానీ వీళ్ళకూ వాళ్ళకూ ఏ సంబంధం లేదు, వీళ్ళ కథ కొన్ని వందల ఏళ్ళు పాతది.

మేం చూస్తుండగానే ఒక ఎర్ర ముక్కు మావాడి దగ్గరకు వచ్చి, కర్రకు కట్టిన గాలిబుగ్గలాంటి దానితో వాడి నెత్తి మీద టప్ టప్ మని రెండు వేసి పోయింది. ఫోన్ ఊగిపోయింది.

"ఏందిరా అది, బుగ్గనా?"

"బుగ్గ కాదమ్మమ్మా. పంది ఉచ్చతిత్తి. ఎండబెట్టి గాలి ఊదుతరు."

అమ్మ చేతిలో పంచాంగం కింద పడింది. "పండుగ పూట! ఇంటికి పోయి తలకు పోసుకో ముందు!"

తర్వాత వాడు చెప్పినవి, నేను చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నా. ఊరి పేరు స్తావ్లో. బెల్జియంలో, ఆర్డెన్ కొండల్లో, ఆంబ్లేవ్ అనే ఏటి ఒడ్డున ఉంటుంది. ఆఖెన్ నుంచి కార్లో దగ్గరే. మావాడు మొదట ఆ ఊరికి పోయింది జాతర కోసం ఏమీ కాదు, ఫార్ములా వన్ పిచ్చి. స్పా ఫ్రాంకోర్‌షాం సర్క్యూట్ ఈ ఊరి పరిధిలోనే ఉంది, అందులో ఒక మలుపు పేరే స్తావ్లో. ఊళ్ళోని పాత మఠంలో ఆ సర్క్యూట్ మ్యూజియం కూడా పెట్టారు. (2023లో మన హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగినప్పుడు ఇదే మనిషి, టికెట్ కొనే స్తోమత లేక, ఖైరతాబాద్ వైపు ఎక్కడో ఒక మేడ మీద నిలబడి చెట్ల సందుల్లోంచి చూసి వచ్చి వారం రోజులు మా బుర్ర తిన్నాడు.) కార్ల కోసం పోయినవాడికి ఈ తెల్ల ముసుగుల బొమ్మలు ఊరంతా కనిపించి, ఎవర్రా వీళ్ళు అని ఆరా తీస్తే లేతారె సంగతి తెలిసింది.

లేతారె అంటే చెప్పాలి. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులకు 40 రోజుల ఉపవాస కాలం, మన దగ్గర శ్రమకాలం అంటారు, తపస్సు కాలం అనీ అంటారు. భస్మ బుధవారంతో మొదలు. ఐరోపాలో కార్నివాల్ అంటే మామూలుగా ఆ ఉపవాసాలు మొదలు కాకముందే, కడుపునిండా తిని తాగి గంతులేసే పండుగ. కానీ ఈ కాలంలో సగం దాటాక నాలుగో ఆదివారం ఒకటి వస్తుంది, ఆరోజు కాస్త ఊపిరి తీసుకోవచ్చు. ఆ నాటి పూజ లాటిన్‌లో "లేతారె" అన్న మాటతో మొదలవుతుంది, అంటే సంతోషించు అని. స్తావ్లో వాళ్ళ కార్నివాల్ ఆ ఆదివారం నాడే. మా ఆఫీసులో ఒక మేడం సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చికి వెళ్తారు, ఆమెను అడిగితే "అవును, ఆ ఒక్క ఆదివారం ఫాదర్ ఊదా రంగు తీసేసి గులాబీ రంగు వస్త్రం వేసుకుంటారు, ఏడాదిలో అట్లా రెండే ఆదివారాలు" అన్నారు. ఇన్నేళ్ళు ఆ చర్చి ముందునుంచి బస్సులో పోతున్నా, లోపల రంగు మారుతుందన్న సంగతే నాకు తెలియదు.

ఇంక ఈ తెల్ల ముసుగుల వాళ్ళ పేరు బ్లాన్ మూసీ. ఈ మాట వినగానే అమ్మ, "మూసీనా? మన మూసీనా?" అంది. వాడు పగలబడి నవ్వాడు. కాదు, అక్కడి వలూన్ భాషలో మూసీ అంటే బట్ట కట్టుకున్నవాడని అర్థమట, బ్లాన్ అంటే తెలుపు. తెల్లబట్టలవాళ్ళు, అంతే. అయినా మా ఇంట్లో ఆరోజు నుంచి వాళ్ళ పేరు తెల్ల మూసీలే. మన మూసీ తెల్లగా ఎప్పుడుందో అడక్కండి.

కథ ఏమిటంటే, ఆ ఊరికి మఠమే ప్రభుత్వం. మఠాధిపతే రాజు, అంటే పూజారి కిరీటం, రాజు కిరీటం రెండూ ఒకే తల మీద. కార్నివాల్ వచ్చిందంటే మఠంలోని సన్యాసులు కూడా జనంలో కలిసి గంతులేసేవాళ్ళట. 1500 ప్రాంతంలో గియోమ్ ద మాండర్‌షైట్ అనే ఆయన మఠాధిపతిగా వచ్చి, ఇదేం పాడు అలవాటు, ఇకమీద సన్యాసులెవరూ పండుగలో కనిపించొద్దని ఆర్డర్ వేశాడు. ఊరివాళ్ళు ఏం చేశారు? అర్జీ పెట్టలేదు, ధర్నా చేయలేదు. వచ్చే పండుగకు ఊళ్ళో మగవాళ్ళంతా సన్యాసుల అంగీలు తొడుక్కుని వచ్చేశారు. నీ సన్యాసులు రాకపోతే ఏం, మేమే సన్యాసులం. ఆయనకు మండింది. సన్యాసి వేషం వేయడానికి వీల్లేదని మళ్ళీ నిషేధం పెట్టాడు. సరే అని వీళ్ళు ఆ అంగీ తీసేసి, ఇంచుమించు అట్లాగే ఉండే తెల్లబట్ట ఒకటి కుట్టించి, పైన ముసుగేసి, ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి మాస్కు, ఆ మాస్కుకు ఆ ముక్కు తగిలించారు. ఇది సన్యాసి వేషం కాదు కదా దొరా, ఏ సన్యాసికైనా ఇంత ముక్కు ఉంటుందా?

ఈ కథలో నాకు బాగా నచ్చింది ఆ ముక్కే. ఆయన రూల్ పెట్టిన కొద్దీ వీళ్ళ వేషం ఇంకా వికారంగా, ఇంకా నవ్వొచ్చేట్టు అయిందన్నమాట. ఇది కాగితం మీద ఎంతవరకు జరిగింది, నాలుకల మీద ఎంత పెరిగింది అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. ఊరు మాత్రం ఇట్లాగే చెప్పుకుంటుంది, ఏటేటా చేసి చూపిస్తుంది.

వాళ్ళు మాటలాడరట, గుర్రుగుర్రుమని చప్పుడు చేస్తారట, గొంతు గుర్తుపడితే ఇంకేముంది. బండ్ల మీదినుంచి కాగితం ముక్కలు కుమ్మరిస్తారు, జనం మెడ వెనక అంగీలోకి కుక్కుతారు. గాలానికి హెర్రింగ్ చేపను వేలాడదీసి జనం మొహాల ముందు ఆడిస్తారు. ఉపవాస కాలంలో మాంసం బంద్, చేపే గతి, నలభై రోజులు దాన్నే తిని తిని విసిగిన కసి అంతా ఆ గాలానికి కట్టి ఊపుతున్నట్టే అనిపించింది నాకు. ఒకటి మావాడి చెంపకు తగిలింది. "మోండా మార్కెట్ ఎండుచేపల సందు వాసన చిన్నమ్మా, ఇంటి మీద బెంగ పట్టుకుంది" అన్నాడు, అదేదో సెంటిమెంట్ అయినట్టు.

వీటన్నిటికంటే నన్ను ఆపేసినది పోస్టర్ల సంగతి. పండుగకు ఆ తెల్ల మూసీలు ఊళ్ళో దుకాణాల అద్దాలకు, ఇళ్ళ కిటికీలకు కాగితాలు అంటిస్తారు. ఆ ఏడాది ఊళ్ళో ఎవరు ఏం వెధవ పని చేశారో, ఎవరి గుట్టు ఎక్కడ బయటపడిందో, నాయకుడు ఏ మాటిచ్చి ఎట్లా తప్పాడో, అన్నీ వెక్కిరింపుగా రాసి. ఎవరు రాశారని అడగడానికి లేదు, ముసుగు ఉంది కదా. కోపం తెచ్చుకుంటే ఊరు ఇంకా నవ్వుతుంది.

ఆ మాట చెప్తున్నప్పుడు టీవీలో పంతులుగారు మిథునరాశికి వచ్చారు. మనం ఉగాది నాడు కూర్చుని వచ్చే ఏడాది ఎట్లుంటుందో వింటాం. వాళ్ళు అదే రోజు, పోయిన ఏడాది ఊరు ఏం చేసిందో గోడల మీద చదువుకుంటున్నారు. అవమానం ఎంతో మన పంతులు అంకెల్లో చెప్తాడు, వాళ్ళు పేరు పెట్టి అంటిస్తారు.

మనకు ఇట్లాంటిది లేదా అంటే, ఉండేది. అమ్మ పుట్టిన ఊరు జనగాం వైపు. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి పగటివేషాల వాళ్ళు వచ్చి మకాం వేసేవాళ్ళట. ఒకరోజు అర్ధనారీశ్వరుడు, ఒకరోజు పఠాను, ఒకరోజు బుడబుక్కలాయన. ఒకసారి పట్వారీ వేషం కట్టి, కళ్ళద్దాలు ముక్కు చివరకు దించి, చంకలో దస్త్రాల మూట పెట్టుకుని, సరిగ్గా పట్వారీ ఇంటి ముందే నిలబడి, "మీ తాత పేరు మీద ఉన్న భూమి మా బావమరిది పేరు మీదికి ఎట్లెక్కిందో సూస్త ఆగు" అని కాగితాలు తిరగేశాడట. జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఆ పట్వారీ కూడా నవ్వక తప్పలేదు, పైగా వేషగానికి వడ్లు కొలిచి పంపాడు. మామూలు రోజు ఆ మాట అన్నవాడిని ఊళ్ళో ఉండనిచ్చేవాడా? వేషం కట్టినవాణ్ని ఏమీ అనకూడదు, అదొక కట్టుబాటు. ఇది చెప్తున్నప్పుడు అమ్మ లేచి కళ్ళద్దాలు ముక్కు చివరకు జరిపి ఆ పట్వారీని చేసి చూపించింది కూడా, ఫోన్‌లో మావాడి పక్కనున్న దోస్తులు భాష రాకపోయినా నవ్వారు.

ఇంకా పాత ముచ్చట ఒకటి మాచుపల్లి కైఫీయతులో, అంటే ఆ ఊరి పాత సంగతులు రాసిపెట్టిన దస్త్రంలో ఉంది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అనేవాడు పన్నుల కోసం ఆడవాళ్ళను కూడా హింసలు పెట్టేవాడు. ఆ దారిలో వెళ్తున్న కూచిపూడి భాగవతులు అది చూసి, విజయనగరం పోయి వీరనరసింహరాయల ముందు ఆట కట్టినప్పుడు ఒకడు గురవరాజు వేషం, ఒకడు అతని బంటు, ఒకడు ఆడమనిషి వేషం వేసి అక్కడ జరిగేది జరిగినట్టు ఆడి చూపించారు. రాజు సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించాడు. ఇది జరిగిందని చెప్పేది కూడా 1500 దాటిన తొలి ఏళ్ళలోనే. అటు స్తావ్లోలో మఠాధిపతి ముందు ఎర్ర ముక్కులు ఊగుతున్న రోజులే ఇంచుమించు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు, ఇద్దరికీ తట్టింది మాత్రం వేషమే.

కాల్ గంట దాటింది. మధ్యలో మా గల్లీ చివర మసీదు నుంచి సైరన్ వినిపించింది, ఇఫ్తార్. ఆ ఏడాది రంజాన్ మార్చి 2న మొదలైతే శ్రమకాలం 5న మొదలైంది, నెలంతా ఊళ్ళో రెండు ఉపవాసాలు పక్కపక్కనే నడిచాయి. కాసేపటికి నెలవంక కనిపించిందని పటాకులు మోగాయి, తెల్లారి ఈద్. అమ్మ ఒక డబ్బాలో బక్షాలు పెట్టి కింది ఫ్లోర్ వాళ్ళకు పంపింది, తెల్లారి ఆ డబ్బా షీర్ ఖుర్మాతో తిరిగొచ్చింది. మా బిల్డింగ్‌లో ఏ డబ్బా ఖాళీగా రాదు.

ఫోన్ పెట్టేసే ముందు వాడు ఇంకో కథ చెప్పాడు, అది అమ్మకు అన్నిటికంటే నచ్చింది. ఆ మఠం కట్టింది సెయింట్ రెమాక్లు అనే ఆయన, ఏడో శతాబ్దంలో. రాళ్ళు మోయడానికి ఆయనకు ఒక గాడిద ఉండేది. అడవిలోంచి తోడేలు వచ్చి గాడిదను తినేసింది. ఆయన ఆ తోడేలును పట్టుకుని, తిన్నావు కదా, ఇంక నువ్వే మొయ్యి అని రెండు గంపలు దాని వీపుకు కట్టాడు. మఠం పూర్తయ్యేదాకా తోడేలే రాళ్ళు మోసింది. ఇప్పటికీ ఆ ఊరి చిహ్నంలో గంపలు మోసే తోడేలు ఉంటుంది. "గట్లుండాలె శిక్ష" అంది అమ్మ. (అదే ఊళ్ళో అపొలినేర్ అనే ఫ్రెంచి కవి 1899లో కుర్రాడిగా ఒక వేసవి అంతా ఉండి, లాడ్జి డబ్బులు కట్టకుండా తమ్ముడితో కలిసి తెల్లవారుజామున ఉడాయించాడు. ఇప్పుడు ఆయనకు అక్కడ మ్యూజియం ఉంది. ఆయన వీపుకు ఎవరూ గంపలు కట్టలేదు.)

ఇదంతా మర్చిపోయేదాన్నేమో కానీ ఆ ఏడాదే జూలై 13న లష్కర్ బోనాలకు వెళ్ళినప్పుడు మళ్ళీ ముందుకొచ్చింది. ఉజ్జయిని మహంకాళి కథ సికింద్రాబాద్‌లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1813లో ఊళ్ళో గత్తర (కలరా) లేచింది, ఇక్కడి పటాలంతో ఉజ్జయినికి పోయిన డోలీ మోసే సూరిటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడు, మా ఊరు బతికితే నిన్ను తీసుకపోయి నిలబెడతా అని. తిరిగొచ్చి 1815లో కట్టె విగ్రహం నిలబెట్టాడు. అటు లాల్‌దర్వాజకు పోతే ఇంకో కథ, 1908లో మూసీ పొంగి ఊరిని ముంచినప్పుడు నిజాం మహబూబ్ అలీ పాషా అమ్మవారికి బంగారు చాటలో ముత్యాలు, పసుపు కుంకుమలు సమర్పిస్తే నీళ్ళు తగ్గాయంటారు. మూసీ మాట వచ్చేసరికి అమ్మ నన్ను మోచేత్తో పొడిచి "తెల్ల మూసీ కాదు, మన మూసీ" అంది.

జనరల్ బజార్ సందులో ఫలహారం బండి వెంట పోతరాజు వచ్చాడు. ఒళ్ళంతా పసుపు, నడుముకు ఎర్ర ధోతీ, వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, పళ్ళ మధ్య నిమ్మకాయ, చేతిలో కొరడా. తీన్మార్ డప్పు గుండెల్లో కొడుతోంది. ఏడుగురు అక్కాచెల్లెళ్ళకు ఒక్క తమ్ముడు, దారి తీసేవాడు. ఆ కొరడా దెబ్బ పడితే పీడ పోతుందని జనం చేతులు చాపుతారు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి చాపాను, దెబ్బ మణికట్టు మీద పడి రెండు రోజులు ఎర్రగా వాత. ఆ ఏడాది పోతరాజు కట్టింది మా గల్లీలో సైకిల్ షాపాయనే. మంగళవారం స్కూల్‌కు పోతూ పంచరేయించుకోవడానికి సైకిల్ తీసుకెళ్తే, ట్యూబును నీళ్ళ టబ్బులో ముంచి బుడగలు చూస్తున్న ఆ చేతి గోళ్ళల్లో ఇంకా పసుపు ఉంది. నా వాత చూసి "గట్టిగ తాకిందా బిడ్డా?" అన్నాడు. ఆదివారం ఆయన్ను పేరు పెట్టి పిలిచే ధైర్యం గల్లీలో ఎవరికీ లేదు, మంగళవారం అందరూ పేరు పెట్టే పిలిచారు.

పోలిక పెడదామని నేను చాలా ప్రయత్నం చేశాను కానీ ఒక దగ్గర ఆగిపోతుంది. తెల్ల మూసీ ఎవరో ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే ఆట చెడుతుంది. పోతరాజు ఎవరో అందరికీ తెలుసు, ఆరోజు తెలియనట్టు ఉంటారు. ఆ దెబ్బ వెక్కిరింపు, ఈ దెబ్బ దీవెన. మావాడికి మాత్రం రెండూ తగిలాయి, ఏది బాగా పనిచేసిందిరా అంటే, "సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చినంక చెప్త" అన్నాడు.

సోమవారం పొద్దున రంగం చూశాం, పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పడం, ఆ తర్వాత ఏనుగు మీద ఘటం. ఇంటికొచ్చేసరికి అమ్మ కాళ్ళు వాచాయి. టబ్బులో వేడినీళ్ళు, ఉప్పు వేసిచ్చాను. కాళ్ళు ముంచుకుని కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

"గా తెల్ల మూసీలు మన బిల్డింగుకొస్తే, కిటికీలకు ఏం అంటిస్తరంటవ్?"

"నాకేం తెలుసమ్మా. అసోసియేషన్ ప్రెసిడెంటు నీళ్ళ ట్యాంకర్ లెక్కలు అంటిస్తారేమో."

"అది సరే. మనదానికి?"

నేను ఏమీ అనలేదు. అమ్మ నీళ్ళల్లో వేళ్ళు కదిలించింది, కిటికీలోంచి గోడ వైపు చూసింది. కాయలన్నీ అయిపోయాయి, కొమ్మ మాత్రం ఇంకా ఇటే వంగి ఉంది.

"పక్కింటామెకు తెలిసిందంటవా?"